అప్‌డేట్: 800ని షోకి తీసుకెళ్లాను

పోయిన నెల అడిగాను కదా, నా 1998 మారుతి 800ని మోడిఫైడ్ కార్ల షోలో పెడితే నవ్వుతారేమో అని. "పెట్టు అన్నా, చూద్దాం" అన్నవాళ్లందరికీ థ్యాంక్స్. మొన్న ఆదివారం పెట్టేశాను.

నవ్వలేదు. అసలు నేను భయపడ్డంత స్థాయే లేదక్కడ. సగం బండ్లు షోరూం నుంచి నిన్నగాక మొన్న దిగినవి. స్టిక్కరు, నల్ల ఫిల్ము, సైలెన్సర్ మోత, అంతే. నా పక్క హ్యాచ్‌బ్యాక్‌కి ఫైబర్ బంపర్ కిట్. మధ్యాహ్నం ఎండకి డబుల్ టేప్ వదిలి ఓ మూల పెదవిలా వేలాడింది. పాపం, ఓనరు కాలితో నొక్కిపెట్టి సెల్ఫీలు దిగుతున్నాడు.

నాదీ గొప్పేం కాదు. అదే 796 సీసీ ఇంజిన్. 12 అంగుళాల చక్రాలు తీసి 13 వేశాను, రంగు మార్చి ఆర్‌సీలో ఎక్కించాను. కానీ జడ్జి బానెట్ ఎత్తించి, వైర్లన్నీ కనపడకుండా ఫెండర్ (చక్రం పైనుండే రేకు) లోపలినుంచి తిప్పింది చూసి, మ్యాట్ లేపి తుప్పు కోసం వేలితో గీకాడు. రోజంతటికీ ఆ ఒక్క నిమిషం చాలు నాకు.

ప్రైజ్ మాత్రం అన్నిటికంటే గట్టిగా అరిచిన సైలెన్సర్‌కే! 2019లో సుప్రీంకోర్టు కంపెనీ స్పెసిఫికేషన్ దాటి మార్చకూడదని చెప్పింది కదా, ఆ బండి పోలీసులకి దొరక్కుండా ఇంటికెలా వెళ్లిందో మరి. ఎంట్రీ ఫీజు కట్టినవాడినల్లా లోపలికి వదిలితే ఇంతే. ముందు ఫొటోలు అడిగి వడకట్టాలి.

వచ్చేసారి సీట్లు కుట్టించి వెళ్తా.