ప్రమోటర్ చేతిలో 26 శాతం ఉంటే బ్యాంకుకు మంచిదా, చేటా?

లెక్కల మాస్టారు:
ప్రైవేటు బ్యాంకు పెట్టిన 15 ఏళ్ల తర్వాత కూడా ప్రమోటర్ (దాన్ని పెట్టినవాడు) 26 శాతం దాకా వాటా ఉంచుకోవచ్చని 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు ఒప్పుకుంది. అంతకుముందు 15 శాతమే. నాకైతే ఇది మంచిదే అనిపిస్తోంది. సొంత డబ్బు ఇరుక్కున్నవాడు అప్పిచ్చే ముందు పదిసార్లు ఆలోచిస్తాడు. ఊళ్లో వడ్డీ వ్యాపారిని చూడండి, మనిషి మొహం చూసి చెప్పేస్తాడు, ఇవ్వాలో వద్దో.

చార్మినార్ చాయ్:
మాస్టారూ, వడ్డీ వ్యాపారి తిప్పేది సొంత డబ్బు. బ్యాంకరు తిప్పేది మన డిపాజిట్లు. అక్కడే పోలిక చెడింది.
యెస్ బ్యాంకు పెట్టి నడిపిన రాణా కపూర్ వాటా అందులో దాదాపు పది శాతం. తక్కువేం కాదు. 2016-17కి మొండి బకాయిలు 2,018 కోట్లని బ్యాంకు చూపిస్తే, రిజర్వు బ్యాంకు లెక్కలో 8,373 కోట్లు తేలాయి. ఆస్తంతా షేరు ధర మీదే ఉన్నవాడికి బకాయి బయటపెట్టాలని ఎందుకుంటుంది? ఒక్క షేరు కూడా అమ్మనని 2018లో చెప్పినాయన వాటా 2019 చివరికి దాదాపు ఖాళీ. 2020 మార్చిలో డిపాజిటర్లకు మిగిలింది డబ్బు తీసుకోవడానికి 50 వేల పరిమితి, ఏటీఎంల ముందు క్యూ.

లెక్కల మాస్టారు:
మరి ప్రమోటరే లేని ఐసీఐసీఐ సంగతి? వీడియోకాన్ అప్పు మీద ఆరోపణలొస్తే 2018 మార్చిలో బోర్డు ఎండీ (మేనేజింగ్ డైరెక్టరు) చందా కొచ్చర్‌ మీద పూర్తి నమ్మకం ఉందంది. అక్టోబరుకి ఆవిడ వెళ్లిపోయారు. వాటాలు వందల ఫండ్ల మధ్య చెదిరి ఉంటే ముందుగా నిలదీసేదెవరు?

కావలి కుర్రాడు:
నిలదీశారు సార్. 2020 సెప్టెంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకు వాటాదారులు ఎండీతో సహా ఏడుగురు డైరెక్టర్లను ఓటేసి ఇంటికి పంపారు. రెండు నెలలకే మారటోరియం, అంటే డబ్బు తీయడం మీద ఆంక్షలు. బ్యాంకును సింగపూర్ బ్యాంకు డీబీఎస్‌లో కలిపేశారు, వాటాదారులకు పైసా రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

పాత మేనేజరు:
అందరూ ప్రైవేటు చుట్టూనే తిరుగుతున్నారు. నేను చేసింది ఒక ప్రభుత్వ బ్యాంకులో. మార్చి 31 సాయంత్రం క్యాష్ టాలీ కాక తల పట్టుకుని కూర్చుంటే జోనల్ ఆఫీసు నుంచి ఫోన్: "చిరు వ్యాపారుల ముద్రా అప్పులు ఇంకా పదిహేను ఖాతాలు కావాలి." ఫారాలిచ్చి క్లర్కుని కూరగాయల మార్కెట్‌కి పంపాను. వాటిలో ఎన్ని తిరిగొచ్చాయో అడక్కండి. వాటాదారులు ఏమంటారో అని నా సర్వీసులో ఎవరూ ఫోన్ చేయలేదు. చేసినా ఏం లాభం? ప్రభుత్వ వాటా 51 శాతానికి తగ్గకూడదు, బయటివాళ్లు ఎన్ని షేర్లు కొన్నా ఓటు పది శాతం దాటదు.
ఆంధ్రా బ్యాంకునే తీసుకోండి. పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టింది. యూనియన్ బ్యాంకులో కలుపుతున్నామని 2019 ఆగస్టు 30న ఆర్థికమంత్రి ప్రెస్‌మీట్‌లో చెప్పారు. బోర్డు తీర్మానం ఆ తర్వాతే. యజమాని నిర్ణయించాడు, మేనేజ్‌మెంట్ సంతకం పెట్టింది.

లెక్కల మాస్టారు:
ఇంతకీ 26 మీద మీ ఓటెటు?

పాత మేనేజరు:
వాటా ఉండనివ్వండి, ఎండీ కుర్చీ మాత్రం వద్దు. ప్రమోటర్ ఎండీగా 12 ఏళ్లు, మహా అయితే 15 ఏళ్లు మించకూడదని 2021లోనే రూలు పెట్టారు. అందుకే కోటక్ మహీంద్రా బ్యాంకు ప్రమోటర్ ఉదయ్ కోటక్ 2023 సెప్టెంబరులో దిగారు. వాటా పావు వంతుకు పైనే ఉంది.

చార్మినార్ చాయ్:
దిగారు సరే, బోర్డులోనే ఉన్నారుగా! కుర్చీ మారింది, గది మారలేదు.