బావులే లేని షేల్‌లో గ్యాస్ ఎంతుందో ఎలా లెక్కకట్టాలి?

ప్రశ్న:
రెండు వారాలుగా ఒక షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి) పొర లెక్కతో కుస్తీ పడుతున్నాను. విస్తీర్ణం, మందం, సచ్ఛిద్రత (రాతిలో రంధ్రాల వాటా) తీసుకుని పొరలో ఉన్న మొత్తం గ్యాస్ కట్టాను. కోర్ నమూనాలు (డ్రిల్ చేసి తీసిన రాతి ముక్కలు) మూడే. గ్యాస్ తీసిన బావి ఒక్కటీ లేదు. ఇందులో 25 శాతం బయటికొస్తుందని రాసేస్తే తప్పా?

జవాబు 1:
ఆ 25 ఎక్కడిదని అడిగితే ఏం చెప్తారు? నేనూ ఒకసారి అలాగే రాసి మీటింగ్‌లో నీళ్లు నమిలాను. ఒకే అంకె వద్దు, పీ90, పీ50, పీ10 ఇవ్వండి, అంటే కనీసం అంత గ్యాస్ వచ్చే అవకాశం 90, 50, 10 శాతం ఉన్న మూడు అంకెలు. పోలికున్న పొరల్లో ఒక్కో బావి జీవితకాలంలో ఎంతిచ్చిందో, ఎంత విస్తీర్ణం నుంచి లాగిందో చూసి కట్టండి. అన్నట్టు, సేంద్రియ పదార్థానికి అంటుకున్న గ్యాస్ కూడా రంధ్రాల్లో చోటు తింటుంది. అది తీసేయకపోతే లెక్క ఉబ్బుతుంది. ‘రిజర్వులు’ అనే మాట మాత్రం అస్సలు వాడకండి, అది లాభసాటిగా తీయగలమని తేలిన గ్యాస్‌కే వాడే మాట.

జవాబు 2:
అమెరికాలోని మార్సెలస్ షేల్‌లో తీయగలిగే గ్యాస్ ఆ దేశ భూగర్భ సర్వే 2002లో సుమారు 2 ట్రిలియన్ ఘనపుటడుగులంది, 2011లో 84. రాయి అదే, మారింది బావుల సమాచారం, టెక్నాలజీ. పోలండ్‌లో రివర్స్: 2011లో ఈఐఏ (అమెరికా ఇంధన సమాచార సంస్థ) 187 అంది, మరుసటి ఏడు ఆ దేశ భూగర్భ సంస్థ చెప్పింది అందులో చిన్న ముక్కే.

అడిగినవారు:
పీ90కీ పీ10కీ ఎనిమిది రెట్లు తేడా వచ్చింది! బాస్‌కి చూపించాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
అలాగే చూపించండి. మూడు కోర్లతో అంతకంటే తక్కువ తేడా వస్తే నేనైతే నమ్మను.