రెండు విద్యుత్ క్షేత్రాలతో మెదడు లోతును ప్రేరేపించడం: ఆ 10 హెర్ట్జ్ ఎక్కడి నుంచి వస్తుంది?

జిజ్ఞాసువు (ప్రశ్న):

మా పెదనాన్నగారికి పార్కిన్సన్స్ వ్యాధి వచ్చి తొమ్మిదేళ్లయింది. మందులు పనిచేసే వ్యవధి తగ్గుతూ రావడంతో, డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ (డీబీఎస్) శస్త్రచికిత్స గురించి ఆలోచించమని వైద్యులు సూచించారు. పుర్రెకు రంధ్రం చేసి మెదడు లోపలికి తీగ దించుతారనగానే ఆయన జంకుతున్నారు. ఇంతలో, పుర్రెను తెరవకుండానే, 2000 హెర్ట్జ్, 2010 హెర్ట్జ్ పౌనఃపున్యాలు గల రెండు తరంగాలను పైనుంచి పంపి, అవి లోతున కలిసిన చోట 10 హెర్ట్జ్ ప్రేరణ పుట్టించవచ్చునని చదివాను.

రెండు తరంగాలను కూడితే ఆ రెండు పౌనఃపున్యాలే మిగలాలి కదా, మూడోది ఎలా పుడుతుంది? పైగా విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రోడ్ దగ్గరే బలంగా ఉంటుంది గనుక, పైపొరను వదిలి లోతును మాత్రమే తాకడం ఎలా సాధ్యం? అన్నింటికంటే ముఖ్యంగా, ఇది ఆ శస్త్రచికిత్సకు బదులు కాగలదా?

సంకేతాల మాస్టారు:

మీ మొదటి సందేహం సరైనదే. కూడిక వల్ల 10 హెర్ట్జ్ పుట్టదు. రెండు తీగలను ఇంచుమించు ఒకే శ్రుతికి తెచ్చినప్పుడు వినిపించే ఊగు మీకు తెలిసే ఉంటుంది. అక్కడ ఊగేది ధ్వని తీవ్రత, కొత్త స్వరమేదీ చేరదు. ఇక్కడా 2000 హెర్ట్జ్ ప్రకంపనం సెకనుకు పది సార్లు పెరిగి తరుగుతుంది. ఆ పెరుగుదల తరుగుదలల గీతను వేరు చేసి అందుకోవాలంటే, ఏఎం రేడియోలో డయోడ్ చేసే పనిని ఇక్కడ ఎవరో ఒకరు చేయాలి. ఆ పని నాడీకణం పొరలో విద్యుదావేశ కణాలను (అయాన్లను) లోపలికీ బయటికీ వదిలే ద్వారాలదని భావిస్తున్నారు, ఎందుకంటే అవి రెండు దిశల వోల్టేజికీ ఒకే విధంగా స్పందించవు. నాడీకణం వేగవంతమైన మార్పులను వడపోసి నెమ్మదైన వాటినే తీసుకుంటుందని చాలా వ్యాసాలు సరిపెడతాయి గాని, వట్టి వడపోతతో 10 హెర్ట్జ్ బయటికి రాదు.

'తరంగాలు' అన్న మాట కూడా కొంత తప్పుదోవ పట్టిస్తుంది. 2000 హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగం పొడవు గాలిలో 150 కిలోమీటర్లు. కణజాలంలో అది బాగా తగ్గినా, తల పరిమాణం కంటే ఎన్నో రెట్లు ఎక్కువే. కాబట్టి కాంతిని కటకంతో కేంద్రీకరించినట్లు దీన్ని ఒక బిందువుకు చేర్చడం కుదరదు.

మరి లోతు ఎలా దొరుకుతుంది? ఒక ఎలక్ట్రోడ్ జత దగ్గర మొదటి క్షేత్రం బలం 10, రెండోదాని బలం 1 అనుకోండి. అప్పుడు మొత్తం 9కీ 11కీ మధ్య ఊగుతుంది, అంటే ఊగు 2 మాత్రమే. లోతున రెండూ బలహీనపడి చెరో 3 అయ్యాయనుకుంటే, మొత్తం 0కీ 6కీ మధ్య ఊగుతుంది, ఊగు 6. ఊగు ఎంతో నిర్ణయించేది రెండింటిలో చిన్న క్షేత్రమే. ఒక జతకు విద్యుత్తు పెంచి రెండోదానికి తగ్గిస్తే, ఎలక్ట్రోడ్లను కదపకుండానే, రెండూ సమానమయ్యే ఆ స్థానం బలహీనమైన జత వైపు జరుగుతుంది. అయితే పైపొర మీద పడే మొత్తం బలం 11 అన్న సంగతి మరచిపోకూడదు.

నాడీ విద్యార్థి:

మాస్టారుగారి చివరి వాక్యాన్నే అందుకుంటాను. కిలోహెర్ట్జ్ క్షేత్రం చాలినంత బలంగా ఉంటే నాడీ తంతువుల్లో సంకేత ప్రసారాన్నే అడ్డుకోగలదు. అందుచేత లోతున పని జరిగేంత బలాన్ని పంపితే, దారిలోని పైపొర 'ఏమీ తెలియనట్లు' ఉంటుందని అనుకోలేమని గణన నమూనాలు హెచ్చరించాయి.

ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. కండరాల నొప్పులకు ఫిజియోథెరపిస్టులు వాడే ఇంటర్‌ఫరెన్షియల్ యంత్రం కూడా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల రెండు ప్రవాహాలతోనే పనిచేస్తుంది. మెదడు విషయంలో మలుపు 2017లో వచ్చింది. ఎంఐటీలో నిర్ గ్రాస్‌మన్, ఎడ్ బోయ్‌డెన్ బృందం ఎలుకలలో పైనున్న కార్టెక్స్‌ను (మెదడు పైపొరను) కదపకుండా, లోతున ఉండి జ్ఞాపకాలకు తోడ్పడే హిప్పోక్యాంపస్ కణాలను ఉత్తేజపరచినట్లు 'సెల్' పత్రికలో చూపింది. 2023లో 'నేచర్ న్యూరోసైన్స్'లో మనుషులపై రెండు అధ్యయనాలు వచ్చాయి. ఒకదానిలో హిప్పోక్యాంపస్, మరొకదానిలో కదలికలతో సంబంధమున్న స్ట్రయాటం లక్ష్యాలు. రెండింటిలోనూ ఆయా భాగాల చర్యలో మార్పు, మెదడు పనితీరును చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్‌లో కనబడింది.

అయితే ఎలుక తల చిన్నది, పుర్రె పలుచనిది. మనిషిలో చర్మం, పుర్రె, మెదడు చుట్టూ ఉన్న ద్రవం ప్రవాహంలో అధిక భాగాన్ని పక్కదారి పట్టిస్తాయి గనుక, చర్మం ఓర్చుకోగల విద్యుత్తుతో లోతున చేరే క్షేత్రం మీటరుకు ఒక వోల్టు కూడా ఉండదు. నాడీకణాన్ని నేరుగా ఉత్తేజపరచడానికి దీనికి పదుల రెట్లు కావాలి. ఇంత బలహీనమైన క్షేత్రం అప్పటికే నడుస్తున్న లయను కాస్త అటూ ఇటూ జరపగలదేమో గాని, డీబీఎస్ తీగలాగా పక్కనున్న తంతువులను సెకనుకు 130 సార్లు తట్టి లేపలేదు.

జిజ్ఞాసువు:

ఇద్దరికీ ధన్యవాదాలు. నష్టమంతా చర్మం, పుర్రెల వద్దనే అయితే, ఎలక్ట్రోడ్లను నెత్తి చర్మం కిందనో, పుర్రె లోపలి వైపునో అమర్చవచ్చు కదా? మెదడులోకి గుచ్చడం తప్పుతుంది.

నాడీ విద్యార్థి:

'స్వల్ప కోత' పద్ధతి అనేది సరిగ్గా అదే. చర్మం కింద అమర్చితే చర్మం చురుక్కుమనడం తగ్గుతుంది, ఎక్కువ విద్యుత్తు పంపవచ్చు. పుర్రె లోపల అమర్చితే అతి పెద్ద అడ్డంకి తొలగుతుంది. కానీ పుర్రె లోపలికి వెళ్లామంటే రక్తస్రావం, ఇన్ఫెక్షన్ భయాలు కొంతవరకు తిరిగివస్తాయి. పార్కిన్సన్స్‌కు డీబీఎస్ తీగను తరచుగా చేర్చే సబ్‌థాలమిక్ కేంద్రకం పొడవు ఒక సెంటీమీటరు లోపే; పైనుంచి కలిపే క్షేత్రాల ఊగు అంతకంటే విశాలమైన ప్రాంతంలో వ్యాపిస్తుంది. ఆ కేంద్రకానికి ఆనుకొని ఉన్న తంతువులను తాకితే మాట ముద్దకావడం, కండరాలు బిగుసుకుపోవడం వంటివి డీబీఎస్‌లో కూడా కనిపిస్తాయి.

పార్కిన్సన్స్ రోగులపై చర్మం మీది ఎలక్ట్రోడ్లతో చిన్న పరీక్షలు మొదలయ్యాయి గాని, ఇది ఇంకా చికిత్స కాదు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో వైద్యులు బెనాబిద్, పొలాక్ మొదలుపెట్టిన డీబీఎస్‌కు అమెరికాలో పార్కిన్సన్స్ విషయంలో 2002లో అనుమతి వచ్చింది. అంటే దాని వెనుక దశాబ్దాల అనుభవం ఉంది. ఒక్క మాట అదనంగా చెబుతాను. పార్కిన్సన్స్‌కు వాడే ప్రధాన మందైన లెవోడోపా మాత్రకు పెదనాన్నగారి శరీరం ఇప్పటికీ బాగా స్పందిస్తోందో లేదో వైద్యులను అడగండి. డీబీఎస్ వల్ల మేలు ఎంత ఉంటుందో అంచనా వేయడానికి వారు ప్రధానంగా చూసేది దాన్నే. వయసు పెరిగి, జ్ఞాపకశక్తి తగ్గడం మొదలైతే ఆ శస్త్రచికిత్సకు అర్హత పోవచ్చు గనుక, కొత్త పద్ధతి కోసం ఏళ్ల తరబడి ఆగడానికి కూడా మూల్యం ఉందని ఆయనకు చెప్పండి.

సంకేతాల మాస్టారు:

నా ఉదాహరణలోని అంకెలు రెండు క్షేత్రాలూ ఒకే దిశలో ఉన్నప్పుడే వర్తిస్తాయి. నిజమైన తలలో వాటి దిశలు వేరుగా ఉంటాయి, తంతువుల దిశ మరొకటి. అందుకే ప్రతి వ్యక్తి ఎంఆర్ఐతో విడిగా లెక్కకట్టవలసి వస్తుంది.