డిఫెన్స్ మార్చిలో, డిపాజిట్ ఏప్రిల్‌లో: థీసిస్ ఫార్మాటింగ్, ప్రోక్వెస్ట్, పేపర్... ఏది ముందు చూసుకోవాలి?

కాంక్రీట్_కుర్రాడు:
అందరికీ నమస్తే. టెక్సాస్‌లో ఎంఎస్ సివిల్ చేస్తున్నా, థీసిస్ ఆప్షన్, ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కాంక్రీట్ మీద. మే గ్రాడ్యుయేషన్. మార్చి చివర్లో డిఫెన్స్ (కమిటీ ముందు థీసిస్ సమర్థించుకోవడం) పెట్టుకుందాం అన్నారు మా ప్రొఫెసర్, డిపాజిట్‌కి, అంటే ఫైనల్ థీసిస్ అప్పజెప్పడానికి, గ్రాడ్యుయేట్ స్కూల్ డెడ్‌లైన్ ఏప్రిల్ మధ్యలో ఉంది. వర్డ్‌లో నాలుగు చాప్టర్లు అయ్యాయి, ఇంకా విడివిడి ఫైళ్లుగానే ఉన్నాయి. ఫార్మాటింగ్ డిఫెన్స్ అయ్యాక చూసుకో అని ల్యాబ్‌లో ఒకరు, అప్పుడు అస్సలు టైమ్ ఉండదు అని ఇంకొకరు. థీసిస్ అప్‌లోడ్ చేసే ప్రోక్వెస్ట్ సైట్‌లో ట్రెడిషనల్, ఓపెన్ యాక్సెస్ (అందరికీ ఫ్రీగా), ఎంబార్గో అని ఏవేవో అడుగుతోంది. మా బాబాయ్ గారేమో ఇంటి దగ్గర్నుంచి ఫోన్ చేసినప్పుడల్లా గ్రాడ్యుయేషన్ లోపే ఇంటర్నేషనల్ జర్నల్‌లో పేపర్ వేయించుకోరా, డబ్బు కడితే వారంలో యాక్సెప్టెన్స్ ఇచ్చేవాళ్లున్నారు అంటున్నారు. అమ్మానాన్న మేలో వస్తున్నారు, టికెట్లు కూడా తీసేశారు, డిగ్రీ ఆగస్టుకి వెళ్లిపోతే ఏంటి పరిస్థితి అని టెన్షన్. ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పని చేసుకునే పర్మిషన్) కూడా అప్లై చేయాలి. తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి ప్లీజ్.

లైబ్రరీ_అక్క:
తమ్ముడూ, నేను మా యూనివర్సిటీ థీసిస్ ఆఫీసులో స్టూడెంట్ వర్కర్‌గా ఫార్మాట్ చెక్ చేసేదాన్ని, అందుకని గట్టిగానే చెప్తున్నా, ఫార్మాటింగ్ డిఫెన్స్‌కి ముందే అయిపోవాలి. డిఫెన్స్ తర్వాత నీకు మిగిలే ఆ రెండు మూడు వారాలు కమిటీ వాళ్లు చెప్పిన కరెక్షన్లకే సరిపోతాయి. పైగా డెడ్‌లైన్ వారంలో అందరి థీసిస్‌లూ ఒకేసారి వచ్చి పడతాయి, ఒక్కసారి వెనక్కి పంపితే మళ్లీ నీ వంతు రావడానికి రోజులు పడుతుంది. చాలా చోట్ల డిఫెన్స్‌కి ముందే డ్రాఫ్ట్ తీసుకుని ప్రిలిమినరీ రివ్యూ చేస్తారు, మీ దగ్గర ఉందేమో రేపే కనుక్కో.

ఇవాళే గ్రాడ్యుయేట్ స్కూల్ సైట్ నుంచి ఈ ఏడాది టెంప్లేట్ దించుకుని చాప్టర్లన్నీ అందులో పెట్టెయ్. సీనియర్ థీసిస్ చూసి అలాగే చేయొద్దు, రూల్స్ మారుతుంటాయి. హెడింగ్‌లన్నిటికీ హెడింగ్ 1, హెడింగ్ 2 స్టైల్స్ పెట్టు, బొమ్మలకీ టేబుళ్లకీ ఇన్సర్ట్ క్యాప్షన్ వాడు, అప్పుడు విషయ సూచికా లిస్ట్ ఆఫ్ ఫిగర్సూ వాటంతటవే వస్తాయి, చివర్లో అప్‌డేట్ కొడితే చాలు. ముందు పేజీలకి రోమన్ అంకెలు, చాప్టర్ వన్ నుంచి 1, 2, 3 రావాలంటే మధ్యలో పేజ్ బ్రేక్ కాదు సెక్షన్ బ్రేక్ పెట్టాలి, పెట్టాక ఫుటర్‌లో లింక్ టు ప్రీవియస్ తీసెయ్యాలి. అడ్డంగా తిప్పే పెద్ద టేబుల్‌కి కూడా ముందూ వెనకా సెక్షన్ బ్రేకే.

మేం ఎక్కువగా తిప్పి పంపినవి ఏంటో తెలుసా? టైటిల్ పేజీలో ఉన్న టైటిల్‌కీ అప్రూవల్ ఫారంలో టైటిల్‌కీ ఒక్క పదం తేడా. ఇంకోటి పేరు. మన ఇంటిపేర్లతో ఇది మరీ ఎక్కువ, రికార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, థీసిస్ మీద ఇనీషియల్ ఒక్కటే వేస్తారు. యూనివర్సిటీ రికార్డులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే వెయ్యి, రేపు పేపర్లకీ అదే పేరు వాడు. ఆర్కిడ్ ఐడీ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే సొంత నంబరు) కూడా తీసుకో, ఫ్రీయే.

అమ్మానాన్నల సంగతి: వేదిక మీద నడవడం వేరు, డిగ్రీ కన్ఫర్ అవడం, అంటే అధికారికంగా రావడం, వేరు. డిపాజిట్ ఆలస్యమైనా సెరిమనీకి రానిచ్చే యూనివర్సిటీలు ఉన్నాయి, మీ దగ్గర రూల్ ఏంటో ఇప్పుడే అడిగి పెట్టుకో.

ప్లాట్_రాజు:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా, ఫాంట్లు. ప్రోక్వెస్ట్ పీడీఎఫ్‌లో అన్ని ఫాంట్లూ ఎంబెడ్ అయి, అంటే ఫైల్‌లోనే కలిసి, ఉండాలి. అక్రోబాట్‌లో ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్స్ ట్యాబ్‌లో చూడు, ప్రతిదాని పక్కనా ఎంబెడెడ్ అనో ఎంబెడెడ్ సబ్‌సెట్ అనో ఉండాలి. వర్డ్ టెక్స్ట్ బాగానే ఉంటుంది, తంటా అంతా మ్యాట్‌ల్యాబ్‌లోంచి తెచ్చిన గ్రాఫులతోనే వస్తుంది. ప్రింట్ టు పీడీఎఫ్ వద్దు, సేవ్ యాజ్ పీడీఎఫ్ కొట్టి ఆప్షన్స్‌లో హెడింగ్‌ల నుంచి బుక్‌మార్క్‌లు అనేది టిక్ పెట్టు.

కృష్ణాతీరం:
పేపర్ గురించి నేను చెప్తా బ్రదర్. బాబాయ్ గారు నీ మంచికే చెప్తున్నారు గానీ ఆ వారం రోజుల జర్నల్ జోలికి దయచేసి వెళ్లొద్దు. నిజమైన పీర్ రివ్యూకి, అంటే ఆ రంగం నిపుణులు పేపర్ పరిశీలించడానికి, నెలలు పడుతుంది. ఒకసారి నీ డేటా అలాంటి చోట అచ్చయిందంటే అదే డేటాతో మంచి జర్నల్‌కి వెళ్లలేవు, డూప్లికేట్ పబ్లికేషన్ అవుతుంది. ఇన్నాళ్లు క్యూబులు పోసి, క్యూరింగ్ చేసి, పగలగొట్టి తెచ్చుకున్న రిజల్ట్స్ అవి, వాటిని అలా పారేసుకోకు. ఇండియాలో కూడా ఈ దొంగ జర్నళ్లని ఆపడానికే యూజీసీ 2019లో కేర్ లిస్ట్ (నమ్మదగిన జర్నళ్ల జాబితా) పెట్టింది, 2025లో అది కూడా ఎత్తేసింది, ఇప్పుడు జర్నల్ మంచిదో కాదో చూసుకునే బాధ్యత కాలేజీలదీ మనదీనే. ఎంఎస్‌కి మామూలుగా పేపర్ తప్పనిసరి కాదు, మీ డిపార్ట్‌మెంట్ హ్యాండ్‌బుక్ ఒక్కసారి చూసుకో.

థీసిస్ ముందు బయటికి వస్తే పేపర్ పోతుందా అంటే, ఎక్కువ శాతం పోదు. మీ ఫీల్డ్‌లో కన్‌స్ట్రక్షన్ అండ్ బిల్డింగ్ మెటీరియల్స్ అనే జర్నల్ ఉంది కదా, అది ఎల్సెవియర్ అనే పబ్లిషర్‌ది, వాళ్లు అకడమిక్ థీసిస్‌ని ముందే పబ్లిష్ అయినట్టు లెక్కేయరు. అయినా ప్రొఫెసర్‌కి పేపర్ ఆలోచన ఉంటే ఎంబార్గో (థీసిస్ కొన్నాళ్లు బయటికి రాకుండా ఆపడం) పెట్టుకో, ప్రోక్వెస్ట్‌లో ఆరు నెలలు, ఏడాది, రెండేళ్లు ఉంటాయి. యూనివర్సిటీ రిపాజిటరీకి (థీసిస్‌లు దాచే వాళ్ల సొంత సైట్) ఎంబార్గో వేరే, రెండు చోట్లా పెట్టాలి, ఒకచోట పెట్టి రెండోది వదిలేస్తే ఉపయోగం లేదు. పేటెంట్ మాట ఉంటే మాత్రం ఎంబార్గో పెట్టకుండా డిపాజిట్ చేయొద్దు, అమెరికాలో బయటపెట్టాక పేటెంట్‌కి అప్లై చేయడానికి ఏడాది గడువు ఉంటుంది, యూరప్‌లో అది కూడా లేదు.

అన్నట్టు, ఏఎస్‌టీఎం సీ618 (ఫ్లై యాష్ స్టాండర్డ్) లోని టేబుల్ అలాగే కాపీ చేసి పెట్టావా? పర్మిషన్ కావాలి. ఆ లిమిట్లు నీ మాటల్లో రాసి ఎక్కడివో రిఫరెన్స్ ఇస్తే సరిపోతుంది.

ఎఫ్‌వన్_మిత్ర:
ఓపీటీకి థీసిస్ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. కోర్స్‌వర్క్ అంతా అయిపోయి థీసిస్ ఒక్కటే మిగిలితే అప్లై చేయొచ్చు. ఐ-20 (స్టూడెంట్ వీసాకి యూనివర్సిటీ ఇచ్చే ఫారం) మీద ప్రోగ్రాం ఎండ్ డేట్‌కి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత వరకు టైమ్. డీఎస్‌వో (యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ల వీసా వ్యవహారాలు చూసే అధికారి) రికమెండ్ చేశాక 30 రోజుల్లోపు యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) అప్లికేషన్ చేరాలి, ఇది మర్చిపోకు. థీసిస్ ఆలస్యమవుతుందని అనుమానం వస్తే మాత్రం ఐ-20 డేట్ అయిపోకముందే, ఓపీటీ ఫైల్ చేయకముందే డీఎస్‌వో దగ్గరికి వెళ్లు. ఎక్స్‌టెన్షన్ ఆ డేట్ లోపే అడగాలి, దాటాక అడిగితే కష్టం.

కాంక్రీట్_కుర్రాడు:
అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఆ సీ618 టేబుల్ నిజంగానే ఉంది, తీసేస్తున్నా. టెంప్లేట్ దించుకున్నా, ప్రిలిమినరీ రివ్యూకి రేపు మెయిల్ పెడతా. బాబాయ్ గారికి కూడా డూప్లికేట్ సంగతి చెప్పా, ఆయనకి అర్థమైంది. ఇంకొక్క డౌట్: ప్రొఫెసర్ ఏడాది ఎంబార్గో పెట్టమంటున్నారు, మరి ఇంటర్వ్యూల్లో థీసిస్ చూపించుకోలేనా?

కృష్ణాతీరం:
చూపించుకోవచ్చు. ఎంబార్గో ఆపేది ఫుల్ టెక్స్ట్‌ని, టైటిలూ అబ్‌స్ట్రాక్టూ మామూలుగా కనిపిస్తాయి కాబట్టి రెజ్యూమేలో ధైర్యంగా వేసుకో. పూర్తి పీడీఎఫ్ ఎవరైనా అడిగితే ప్రొఫెసర్‌ని ఒకమాట అడిగి పంపు, డేటా ఆయన ప్రాజెక్ట్‌ది కూడా కదా.