మా తెలుగు అర్జీలో ఆరు మాటలు, ఇంగ్లీషులో అన్నిటికీ ‘డికే’ – సాయం కావాలి

ప్రశ్న – అనంతపురం జిల్లా పల్లె నుంచి

అందరికీ నమస్కారం. మా ఊరి అర్జీని ఇంగ్లీషులోకి మార్చే పని నా మీద పడింది. పక్క రాష్ట్రంలోని ఒక ధర్మసంస్థకు పంపాల, వాళ్లకు తెలుగు రాదు. ఊరోళ్లు చెప్పింది చెప్పినట్టు ఇట్లా రాసుకున్నా:

బోర్లలో నీళ్లు అడుగంటినాయి. బడి మిద్దె శిథిలమైంది. నీళ్ల పైపులు తుప్పు పట్టి తూట్లు పడినాయి. నిరుడు బుడ్డలు (వేరుశనగ కాయలు) తడిసి బూజు పట్టినాయి. నాటిన మొక్కలు వాడిపోతున్నాయి. పెద్దోళ్ల ఆరోగ్యం క్షీణిస్తోంది.

నిఘంటువు తెరిస్తే ప్రతిదానికీ డికే, డిక్లైన్, డిటీరియరేట్ అని అవే తిప్పి తిప్పి వస్తున్నాయి. చివరికి అన్నిటికీ డికే అని రాసేసినా. మా అన్న చదివి, ‘ఇది చూసినోళ్లు మీ బోరు నీళ్లు కుళ్లిపోయినాయి అనుకుంటారు, నీళ్లే లేవని అనుకోరు’ అన్నాడు. సోమవారం పంపాల. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు – కర్నూలు నుంచి (ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరైనాను)

నాయనా, ముందు నీ తెలుగు అర్జీనే ఇంకోసారి చదువుకో. ఆరు వాక్యాలకు ఆరు రకాల మాటలు వాడినావు. నీళ్లు తుప్పు పట్టినాయని రాయలేదు, మిద్దె వాడిపోయిందని రాయలేదు. అంటే తేడా నీకు తెలుసు. నిఘంటువు వాటన్నిటినీ ‘క్షీణించు’ అనే ఒకే గంపలో పోసేసరికి తికమక వచ్చింది. ఇంగ్లీషు మాట వెతికే ముందు తగ్గింది ఏమిటని చూడు: లెక్కా, గుణమా, లేక ఆ వస్తువే చెడిందా?

లెక్క, మట్టం, దిగుబడి తగ్గితే డిక్లైన్. ఆ మాటకు లాటిన్‌లో మూలార్థం వంగడం, వాలడం. ఏటవాలు దారిలో దిగినట్టు నిదానంగా తగ్గడం అన్నమాట. బడిలో పిల్లల సంఖ్య తగ్గినా ఇదే మాట. భూగర్భ జలమట్టానికి కూడా డిక్లైన్ తప్పు కాదు. కానీ మీ ఊరోళ్లు అడుగంటినాయి అన్నారు, అది ఇంకా గట్టి మాట. ఉన్నదాన్ని తోడి తోడి ఖాళీ చేయడానికి ఇంగ్లీషులో డిప్లీట్ అంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా మీది. భూమిలోకి ఇంకేదానికంటే తోడేది ఎక్కువైతే మిగిలేది డిప్లీటెడ్ గ్రౌండ్‌వాటర్. పూర్తిగా ఎండిన బోరుకు ‘గాన్ డ్రై’ అని రాయి, చాలు.

గుణం, స్థితి అధ్వానమైతే డిటీరియరేట్. లాటిన్‌లో డిటీరియర్ అంటేనే ‘ఇంకా చెడ్డది’ అని. పేషెంటు పరిస్థితి విషమిస్తోందని చెప్పేటప్పుడు డాక్టర్లు వాడేది ఇదే. రోడ్డుకూ వాడొచ్చు. ఒక జాగ్రత్త: ఇది సాధారణంగా తనంతట తాను జరిగేదానికే వాడతారు. ‘వాన రోడ్డును డిటీరియరేట్ చేసింది’ అన్న పద్ధతిలో రాయొద్దు. అక్కడ డ్యామేజ్ పెట్టు. నేలలో సారం పోగొట్టినాం అని చెప్పాలంటే డిగ్రేడ్ ఉంది.

ఇంక నీ డికే. వానాకాలం మా కర్నూలు ఎర్రగడ్డల (ఉల్లిపాయల) మార్కెట్‌కు వచ్చి ఒక తడిసిన గోతాం విప్పి చూడు. పైకి బాగున్న గడ్డ మెడ దగ్గర మెత్తగా ఉంటుంది. బొటనవేలితో నొక్కితే పొర కింద నుంచి నీరు కారుతుంది, ఆ వాసన చేతిని సాయంత్రం దాకా వదలదు. అది రాట్, మన కుళ్లడం. డికే దానికంటే పెద్ద గొడుగు. పుచ్చిన పన్ను, చివికిన దూలం, రాలి మట్టిలో కలిసిపోయే ఆకు అన్నీ దాని కిందికే వస్తాయి. తడీ వాసనా ఉండాలని లేదు. సైన్సులో అయితే వస్తువు కుళ్లకుండానే డికే అంటారు. కార్బన్-14 అనే అణుధార్మిక పదార్థం సగానికి తగ్గడానికి సుమారు 5,730 ఏళ్లు పడుతుంది, దాన్నీ రేడియోయాక్టివ్ డికే అనే అంటారు. నీ అర్జీలో డికే చక్కగా సరిపోయే చోటు ఒక్కటీ లేదు. బుడ్డలకు కూడా మోల్డీ అని రాయి. బూజు పట్టిన బుడ్డల్లో అఫ్లటాక్సిన్ అనే విషం చేరొచ్చు కాబట్టి, చదివేవాళ్లకు బూజు అని విడిగా తెలియడం అవసరం.

జవాబు – కడప నుంచి

మేడం బాగా చెప్పినారు. పైపుల సంగతి నేను చెప్తా. దానికి కరోడ్. గాలి, నీళ్లు, ఉప్పు తగిలి ఇనుము తినుకుపోవడం. దీనికి అన్నదమ్ముడి లాంటి మాట ఇరోడ్. రెండింటికీ మూలం లాటిన్‌లో కొరకడం అనే మాట, ఎలుకజాతికి పెట్టిన రోడెంట్ కూడా అక్కడిదే. మనమూ ‘తుప్పు తినేసింది’ అనే కదా అంటాం. గండికోట దగ్గర పెన్న రాతిని కోసుకుంటూ పోయి లోయ చేసింది చూడండి, అది ఇరోషన్. ఏరు గట్టును కోసినా, వాన పైమట్టిని కొట్టుకుపోయినా ఇరోషనే.

మిద్దెకు డిలాపిడేటెడ్. అందులో లాపిస్ అంటే లాటిన్‌లో రాయి. ఇల్లు, పాత కుర్చీ, పాత బండి లాంటివాటికే ఈ మాట. మనుషులకు, పంటకు వద్దు.

ప్రశ్న అడిగిన తమ్ముడు

చాలా సంతోషం మేడం, అన్నా. ఒక సందేహం. మా బడి మొత్తం పడిపోలేదు. మట్టి మిద్దె, వాన పడితే పైనుంచి పెళ్లలు రాలతాయి, ఒక మూల దూలం చివికింది. పిల్లలను ఇంకో మూల కూర్చోబెడతారు. డిలాపిడేటెడ్ అంటే పాడుబడి వదిలేసినారని అనుకోరా?

కర్నూలు టీచరు

మంచి ప్రశ్న. డిలాపిడేటెడ్ అంటే వదిలేసినట్టు కాదు, అందులో మనుషులు ఉండొచ్చు. ఇన్ రూయిన్స్ అని రాస్తేనే పాడుబడింది అనుకుంటారు. అయినా నీకు దానికంటే మంచి మాట క్రంబుల్. పొడిపొడిగా రాలడం. రొట్టె పొడిని క్రంబ్ అంటారే, ఆ చుట్టమే. ‘ది రూఫ్ ఈజ్ క్రంబ్లింగ్’ అని రాసి, దూలానికి రాటెన్ పెట్టు. ఆ తర్వాత పిల్లలను ఏ మూల కూర్చోబెడతారో ఇక్కడ చెప్పినట్టే రాయి. ఆ ఒక్క వాక్యం ఏ విశేషణం కంటే గట్టిగా పనిచేస్తుంది.

జవాబు – ధర్మవరం వైపు రైతు

మొక్కల గురించి నా మాట. మధ్యాహ్నం ఎండకు ఆకులు వాలిపోయి, పొద్దుగూకినాక నీళ్లు పెడితే మళ్లీ లేస్తే అది విల్ట్. వాడడం. ఆకు గలగలమని చేతిలో పొడైతే విదర్, ఎండిపోవడం, ఇంక తిరిగి రాదు. వేరుకు తెగులు వచ్చి వాలినా విల్ట్ అనే అంటారు, వ్యవసాయం ఆఫీసరు రాసిచ్చే చీటీలో చూసినా. నీ మొక్కలు నీళ్లు పోస్తే బతికేవా, కాదా? దాన్నిబట్టి రాసుకో.

ప్రశ్న అడిగిన తమ్ముడు

బతికేవే అన్నా. విల్ట్ అనే రాస్తా. పెద్దోళ్ల ఆరోగ్యానికి డిటీరియరేటింగ్ పెడుతున్నా. ఇంకొక్కటి. మా అవ్వ పేరు కూడా అర్జీలో ఉంది, కండ్లు రోజురోజుకూ కనపడకుండా వస్తున్నాయి. దానికీ అదే మాట సరిపోతుందా?

కర్నూలు టీచరు

సరిపోతుంది, తప్పు కాదు. అయితే ఆస్పత్రి కాగితంలా ఉంటుంది. వయసు మీద పడి చూపు తగ్గితే ఫెయిలింగ్ ఐసైట్ అంటారు. మనం ‘చూపు ఆనడం లేదు’ అన్నట్టే. అవ్వకు అది పెట్టు. పంపేముందు మొత్తం ఒకసారి ఇక్కడ పెడితే నేను చూస్తా, ఆదివారం రాత్రి దాకా మేలుకునే ఉంటా.