పేటెంట్ ఫారంలో ప్రొవిజనలా, కంప్లీటా? తెలిసినవాళ్లు చెప్పండి

మిర్చిమిషన్_గుంటూరు:
పొద్దున్నుంచి ఈ ఆన్‌లైన్ ఫారం ముందే కూర్చున్నాను, ఒక్క పేజీ ముందుకు కదల్లేదు. ఎండుమిర్చి ముచ్చికలు తీసే మిషన్ సొంతంగా తయారు చేశాను. ఫారం 2లో ప్రొవిజనల్ (తాత్కాలికం), కంప్లీట్ (పూర్తి) అని రెండున్నాయి. ఏది నొక్కాలి? ఒక కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే ముందు డబ్బు కట్టమంటారు తప్ప జవాబు చెప్పరు. టెన్షన్‌తో తల పగిలిపోతోంది.

సాయి_డిజైన్స్:
ప్రొవిజనల్ పేటెంట్ తీసేసుకో బ్రదర్. ఏడాది రక్షణ ఉంటుంది.

ఏజెంట్_చెన్నై:
ప్రొవిజనల్ పేటెంట్ అంటూ ఏదీ లేదు. అది దరఖాస్తు. 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే మిషన్ పూర్తి వివరణ, ఇవ్వకపోతే వదులుకున్నట్టే.

సాయి_డిజైన్స్:
అందరూ అలాగే అంటారు కదండీ. అర్థమైతే చాలు.

ఏజెంట్_చెన్నై:
చాలదు. అలా అనుకునే మిషన్ మీద ‘పేటెంటెడ్’ అని రాయిస్తారు. రాని పేటెంట్ వచ్చిందని చెప్పుకుంటే పేటెంట్ చట్టం సెక్షన్ 120 కింద జరిమానా.

మాస్టారు_నల్గొండ:
బాబూ, ఏ ఫారమైనా ముందు ఒకటి తెలుసుకో. పేటెంట్ అంటే నువ్వు తయారు చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కాదు, ఇతరులు చేయకుండా ఆపే హక్కు. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, అదీ మన దేశంలోనే. మా ఉమ్మడి నల్గొండ జిల్లా బిడ్డ చింతకింది మల్లేశం, పట్టుచీర నేతకి ముందు దారం చుట్టే ఆసు యంత్రానికి పేటెంట్ తెచ్చుకున్నాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. తల్లి భుజాల నొప్పి చూడలేక చేసిన యంత్రం అది. నీలాంటివాళ్లకి నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ సాయం చేస్తుంది, వాళ్లకి రాయి.

ఏజెంట్_చెన్నై:
మిషన్ ఎవరికైనా చూపించారా?

మిర్చిమిషన్_గుంటూరు:
పోయిన సీజన్‌లోనే యూట్యూబ్‌లో వీడియో పెట్టానండి. అది చూసే కదా రోజూ ఫోన్లు వస్తున్నాయి. ఎవరైనా కాపీ కొట్టేలోపు పేటెంట్ చేయిద్దామని.

ఏజెంట్_చెన్నై:
ఈ ముక్క మొదటే చెప్పాలి. పేటెంట్ కొత్తదానికే ఇస్తారు. దరఖాస్తుకి ముందు జనానికి తెలిసిపోయినది కొత్తది కాదు, బయటపెట్టింది మీరే అయినా సరే.

సాయి_డిజైన్స్:
మనమే బయటపెడితే ఏడాది గడువు ఉంటుందిగా?

ఏజెంట్_చెన్నై:
అది అమెరికాలో. మన సెక్షన్ 31లో 12 నెలల వెసులుబాటు ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్‌కి, పండిత సభలో చదివిన పత్రానికి. యూట్యూబ్‌కి కాదు. వీడియోలో ఏం కనిపిస్తోంది?

మిర్చిమిషన్_గుంటూరు:
పైన మూత ఉంది. కాయలు లోపలికి పోవడం, ముచ్చిక లేకుండా రావడం, అంతే. లోపలి రోలర్లు, కాయ సైజుని బట్టి గ్యాప్ మార్చే స్ప్రింగ్ కనపడవు.

సాయి_డిజైన్స్:
అయితే బయటి షేప్‌కి డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించు.

ఏజెంట్_చెన్నై:
వీడియోలో ఉన్నదే బయటి రూపం. డిజైన్‌కీ కొత్తదనం కావాలి. మీ ఆశంతా ఆ రోలర్లు, స్ప్రింగ్ మీదే. డ్రాయింగులతో వివరంగా రాసి ఇవాళే ప్రొవిజనల్ వేయండి. అందులో రాయనిదానికి ఇవాళ్టి తేదీ దక్కదు. ఒక్కరి పేరు మీదైతే ఆన్‌లైన్ ఫీజు 1,600. వీడియో తీసేసినా పోయింది తిరిగి రాదు, కొత్తవి మాత్రం పెట్టొద్దు. ఇంతకీ మిషన్లు ఎవరికైనా అమ్మారా? కొన్నవాడు మూత తీసి చూడగలడు కాబట్టి అడుగుతున్నాను.

మాస్టారు_నల్గొండ:
ఊళ్లో పరీక్షించి చూసుకోవడం తప్పెలా అవుతుందండీ?

ఏజెంట్_చెన్నై:
ట్రయల్ వేరు, అమ్మకం వేరు. జనం మధ్య తప్పనిసరై చేసిన ట్రయల్‌కి సెక్షన్ 32లో ఏడాది వెసులుబాటు ఉంది.

మిర్చిమిషన్_గుంటూరు:
సరేనండీ, ప్రొవిజనలే నొక్కాను. డ్రాయింగ్ స్కాన్ చేయించడానికి వెళ్తున్నా. థాంక్స్.

ఏజెంట్_చెన్నై:
అమ్మారో లేదో చెప్పలేదు.