రాత్రి ముహూర్తానికి కళ్లజోడా, లెన్సా? మైనస్ 5.50 వాళ్లు చెప్పండి

సోడాబుడ్డి_పెళ్లికూతురు
మాఘంలో నా పెళ్లి, తెనాలిలో, ముహూర్తం తెల్లవారుజామున 2:47కి. రెండు కళ్లకీ మైనస్ 5.50, కుడికంటికి సిలిండర్ (కంటి వంపు అన్నివైపులా సమానంగా లేనందుకు వేసే పవర్) 1.25 కూడా ఉంది, ఆరో తరగతి నుంచీ కళ్లజోడే. తీస్తే జానెడు దాటాక అంతా మసకే. మా అమ్మేమో "పీటల మీద కళ్లజోడేంటే, ఆ కాసేపు తీసేస్తే ఏం పోతుంది" అంటోంది. అడ్డుతెర దించాక ఎదురుగా ఉన్నది ఆయనో ఆయన తమ్ముడో నాకు తెలియదు, అదీ పోయేది. మా బావగారు లేసిక్, అదే కళ్లజోడు అక్కర్లేకుండా చేసే లేజర్ ఆపరేషన్, చేయించేసుకో అంటున్నారు. పెళ్లికి రెండు నెలలే ఉంది. లెన్స్ ఎప్పుడూ పెట్టలేదు, కంట్లో వేలు పెట్టుకోవాలంటేనే ఒళ్లు జలదరిస్తోంది. వాడినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

పదేళ్ల_లెన్సు
చెల్లీ, భయం మొదటి వారమే. నాకు మొదటిరోజు ఒక కంటికి పెట్టుకోవడానికే అరగంట పట్టింది, ఇప్పుడు అద్దం కూడా అక్కర్లేదు. కానీ కళ్లజోడు చీటీ చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయకు. కళ్లజోడు అద్దం కంటికి కాస్త ఎడంగా ఉంటుంది, లెన్స్ కంటి మీదే కూర్చుంటుంది, అందుకని నీ 5.50 లెన్స్‌లో 5.25 దగ్గరికి వస్తుంది. సిలిండర్ ఉన్న కంటికి టోరిక్ అని వేరే రకం, ఖరీదు ఎక్కువ, అది కంట్లో తిరగకుండా నిలబడుతుందో లేదో పెట్టించి చూడాలి. పెళ్లి కోసమే అయితే రోజుకొకటి వాడి పారేసే రకం తీసుకో, సొల్యూషన్, డబ్బా గొడవ ఉండదు. వేలి మీద పెట్టుకుని చూడు, గిన్నెలా ఉంటే సరైన వైపు, అంచులు బయటికి వాలి పళ్లెంలా ఉంటే తిరగబడినట్టు. ఇది తెలియక నేను రెండు రోజులు కళ్లు మండించుకున్నా.

రాత్రి_బస్సు
నాది మరో వైపు కథ. హైదరాబాద్ నుంచి వైజాగ్ బస్సులో లెన్స్‌తోనే నిద్రపోయాను, ఒక్క రాత్రే కదా అని. పొద్దున్నకి కన్ను ఎర్రగా, వెలుతురు చూడలేకపోయాను. కార్నియా, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర, దాని మీద పుండు అన్నారు. గంటగంటకీ చుక్కలు, రాత్రి అలారం పెట్టుకుని మరీ. కన్ను దక్కింది, చిన్న మచ్చ మిగిలింది. లెన్స్ చెడ్డదని అనను, తప్పు నాదే. మీ పెళ్లి లెక్క మాత్రం చూసుకోండి మేడం: సాయంత్రం ఆరింటికి మేకప్, 2:47కి జీలకర్ర బెల్లం, తర్వాత తాళి, తలంబ్రాలు, హోమం, అయ్యేసరికి నాలుగున్నర. పదిన్నర గంటలు, అదీ పొగలో, నిద్రలేకుండా. అప్పగింతల్లో ఏడ్చి కారెక్కి కునుకు తీస్తారు, అక్కడే ప్రమాదం. తీయడం గుర్తుండదు.

అద్దాల_షాపులో_పని
కళ్ల పరీక్షలు చేయడం నా ఉద్యోగం. లేసిక్ గురించి: మీ కార్నియా మందం ఎంతో, పవర్ కదలకుండా ఉందో లేదో తేలకుండా ఎవరూ హామీ ఇవ్వలేరు. చేయించుకున్నాక కొన్ని నెలలు కళ్లు పొడిబారడం మామూలే, పెళ్లి తారీఖు చూసి తొందరపడొద్దు. కళ్లజోడే అయితే 1.67 ఇండెక్స్ అద్దాలు (ఎక్కువ పవర్‌కైనా సన్నగా వచ్చే రకం), చిన్న ఫ్రేములో వేయించండి, అంచు మందం బాగా తగ్గుతుంది. యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ ఉంటే ఫ్లాష్ పడ్డా ఫోటోలో కళ్లు కనిపిస్తాయి. లెన్సే అయితే ముందు లెన్స్, తర్వాత మేకప్, కాటుక రెప్ప లోపలి అంచుకి వద్దు. కుళాయి నీళ్లు లెన్స్‌కి తగలనివ్వొద్దు. మంగళస్నానం అయ్యాకే పెట్టుకోండి.

గుంటూరు_వదిన
నేను 2016లో కళ్లజోడుతోనే పెళ్లి చేసుకున్నాను, మైనస్ 6. ఇబ్బంది నిజమే, బాసికం తాళ్లు ఫ్రేములో చిక్కుకున్నాయి, మా పిన్ని కత్తెర కోసం పరిగెత్తింది. కానీ తలంబ్రాలప్పుడు మా ఆయన కళ్లు మూసుకుంటే నేను గురిచూసి పోశాను. అరుంధతి నక్షత్రం చూడమంటే నేను ఒక్కదాన్నే నిజంగా చూశాను, వశిష్ఠుడి పక్కన చిన్న చుక్క. మా ఆయన ఊరికే తలూపాడు. తర్వాత లెన్స్ కూడా అలవాటు చేసుకున్నాలే. ఒక ఆవకాయ సీజన్‌లో మిరపపొడి కలిపి, సబ్బుతో రెండుసార్లు కడిగిన చేత్తోనే లెన్స్ తీశాను. ఆ మంట ఇప్పటికీ మర్చిపోలేదు.

సోడాబుడ్డి_పెళ్లికూతురు
బస్సు అన్నగారూ, పదిన్నర గంటల లెక్క నాకు తట్టనే లేదు. నేను ఫోటోల గురించే ఆలోచిస్తున్నా. ముందురోజు సాయంత్రం రిసెప్షన్ నాలుగు గంటల సేపే, దానికి రోజువారీ లెన్స్, పీటల మీద కొత్త సన్నటి కళ్లజోడు. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు, అరుంధతి మాట చెబితే మాత్రం నవ్వింది. శనివారం లెన్స్ కొలతలకి వెళ్తున్నా.

పదేళ్ల_లెన్సు
మెహందీ ఏ రోజు? రిసెప్షన్ రోజు రాత్రే అయితే గోరింటాకు పెట్టించుకోకముందే లెన్స్ తీసేయి. రెండు చేతులకీ పెట్టేశాక తీయడానికి వేలు ఉండదు. మా చెల్లెలికి అదే జరిగింది, గోరింటాకు ఆరేదాకా అర్ధరాత్రి వరకూ కళ్లు నులుముకోకుండా కూర్చుంది.

సోడాబుడ్డి_పెళ్లికూతురు
అయ్యో, ఆ రోజు రాత్రే పెట్టుకున్నాం 😭 ఇప్పుడే మెహందీ అమ్మాయికి ఫోన్ చేస్తా.